పిల్లల్ని కొట్టే తల్లిదండ్రులకు చట్టం అండగా ఉండాలా?

కృష్ణాతీరం:
బడిలో టీచరు దెబ్బ వేస్తే తప్పు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఆ మాట సూటిగా చెప్పింది. అదే పిల్లవాడికి ఇంట్లో నాన్న తొడపాశం పెట్టినా, బెత్తం తీసినా అంత సూటైన మాట ఏ చట్టంలోనూ లేదు. పైగా భారతీయ న్యాయసంహిత 27వ సెక్షన్ ఉంది. పాత ఐపీసీ 89వ సెక్షనే 2024 జులై 1 నుంచి ఈ నంబరుతో వచ్చింది. 12 ఏళ్లలోపు బిడ్డ మేలు కోరి, మంచి ఉద్దేశంతో సంరక్షకులు చేసిన పని నేరం కాదంటుందది. తీవ్రగాయం చేయకూడదు వంటి హద్దులు పెట్టారు గానీ, వాటికి ఇవతల చాలా దెబ్బలు పడతాయి. బిడ్డను క్రూరంగా హింసిస్తే బాలల న్యాయచట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు వేయొచ్చు. కానీ ఎక్కువగా ఒంటిమీద వాతలు తేలాకే ఆ సెక్షన్ ఎవరికైనా గుర్తొస్తుంది. ఇంట్లో కొట్టడం కూడా తప్పేనని చట్టం స్పష్టంగా చెప్పాలని నా వాదన. మీరేమంటారు?

తెనాలి నాన్న:
చెప్పలేదు కాబట్టే సంసారాలు నిలబడుతున్నాయండీ. నాకిద్దరు పిల్లలు. రోడ్డు మీదికి ఉరికిన మూడేళ్ల వాడికి నచ్చజెప్పే సమయం ఉండదు, వీపు మీద ఒకటి వేస్తాను. మొక్కై వంగనిది మానై వంగునా? 2012లో నార్వేలోని ఓస్లో కోర్టు, బిడ్డను కొట్టారని మన తెలుగు దంపతుల్ని జైలుకు పంపింది. అమ్మానాన్నల్ని జైల్లో పెడితే ఆ పిల్లల గతేమిటి? ఇంకో మాట. ఇలాంటి చట్టం వస్తే ముందు స్టేషన్ మెట్లెక్కేది అపార్టుమెంట్ల వాళ్లు కాదు. గోడకు గోడ ఆనుకున్న బస్తీల్లోనే పిల్లల ఏడుపు పక్కింటికి వినపడుతుంది. కేసులన్నీ వాళ్ల మీదే.

లలిత, కార్డిఫ్:
అన్నయ్య గారూ, ఓస్లోలో శిక్ష పడింది ఒక్క చెంపదెబ్బకు కాదు, పదే పదే జరిగిన హింసకు. రెండూ కలపకండి. నేనుండే వేల్స్‌లో (బ్రిటన్‌లో ఒక భాగం) 2022 మార్చి 21 నుంచి పిల్లలపై చెయ్యెత్తడానికి చట్టంలో ఏ మినహాయింపూ లేదు. స్కాట్లాండ్‌లో 2020 నవంబరులోనే తీసేశారు. ఇంగ్లండ్‌లో మాత్రం ‘సహేతుకమైన శిక్ష’ అనే రక్షణ ఇంకా ఉంది. అంటే వేల్స్ నుంచి ఇంగ్లండ్‌కు వెళ్లే సెవర్న్ వంతెన దాటితే అదే దెబ్బకు చట్టం మారిపోతుంది. ఇక్కడ ఫిర్యాదు వస్తే పోలీసులు అన్నిటినీ కోర్టుకు లాగరు, తల్లిదండ్రులకు పిల్లల పెంపకంలో సాయం అందే చోటికి పంపే ఏర్పాటు ఉంది. ఇక రోడ్డు మీదికి ఉరికిన బిడ్డను పట్టి లాగడాన్ని ఇక్కడ ఎవరూ దెబ్బ అనరు.

పంతులమ్మ:
జిల్లా పరిషత్ హైస్కూల్లో చెబుతాను. ‘కళ్లు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి మేడమ్’ అని పిల్లవాడి ముందే అనే తండ్రులు ఇప్పటికీ వస్తారు. కొట్టకూడదండీ అంటే మాకు చేతకాదనుకుంటారు. ఇంట్లో తన్నులు తిన్న పిల్లవాడు క్లాసులో నేను పలక కోసం చెయ్యి చాపినా తల వంచేసుకుంటాడు. వాడికి లెక్కలెలా ఎక్కుతాయి?

తెనాలి నాన్న:
బాధగానే ఉంది మేడమ్, కాదనను. కానీ లలితమ్మా, మీ దగ్గర ఆ సాయం చేసే మనుషులున్నారు. మా మండలంలో ఎవరున్నారు? న్యూజీలాండ్‌లో 2007లో ఇలాంటి చట్టమే తెచ్చారు. 2009లో దానిపై జరిగిన రెఫరెండంలో (ప్రజల ఓటింగులో) దాదాపు 87 శాతం మంది, మంచి పెంపకంలో భాగంగా వేసే దెబ్బ నేరం కాకూడదన్నారు. అయినా చట్టం అలాగే ఉంచారు. జనం ఒప్పుకోని చట్టం ఇళ్లలో ఎలా నడుస్తుంది?

కృష్ణాతీరం:
జనాన్ని ఒప్పించే పని కూడా చేయాలి. స్వీడన్ చేసింది. 1957లో శిక్షాస్మృతిలో తల్లిదండ్రులకున్న రక్షణ తీసేసింది, 1966లో కుటుంబ చట్టంలోంచి కొట్టే హక్కు పోయింది, 1979లో పూర్తి నిషేధం వచ్చింది. ఆ నిషేధం పెట్టింది కుటుంబ చట్టంలోనే, దానికి విడిగా జైలు శిక్ష లేదు. దాడి స్థాయికి చేరితేనే మామూలు నేరచట్టం. పాల డబ్బాల మీద ఆ సంగతి అచ్చు వేయించారు, పిల్లలున్న ఇళ్లకు పుస్తకాలు పంపారు. మండలంలో ఎవరున్నారన్నారు కదా, మనకు ఊరూరా అంగన్‌వాడీ ఉంది, ఆశా కార్యకర్త ఉంది, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరుంది. వాళ్ల మీద పని మోపి వదిలేయకుండా శిక్షణ ఇవ్వాలి, జీతం పెంచాలి. బస్తీల మీద కేసులు పడతాయన్న మీ భయం నిజమైనదే. అందుకే నేనడిగేది జైలు కాదు.

డబ్బున్న దేశాల సంగతి అనుకుంటారేమో, నేపాల్ 2018లోనే ఇంట్లో కొట్టడాన్నీ నిషేధించింది.

27వ సెక్షన్ మొత్తం ఎత్తేయమనడం లేదు. బిడ్డకు ఆపరేషన్ చేయించే తల్లిదండ్రులకూ, చేసే డాక్టరుకూ అది అవసరం. చట్టంలో ఇచ్చిన ఉదాహరణ కూడా బిడ్డకు రాళ్ల ఆపరేషన్ చేయించే తండ్రిదే. ‘శిక్షగా కొట్టడానికి ఇది వర్తించదు’ అని కింద ఒక్క వివరణ చేర్చమంటున్నాను. తెనాలి అన్నా, ఆ ఒక్క వాక్యం వల్ల మీ ఇంట్లో ఏం చెడుతుందో చెప్పండి, వింటాను.