ఫెయిర్‌చైల్డ్ ఛానల్ ఎఫ్ కొనాలా వద్దా? అటారీ ఉన్నవాడికి ఇందులో ఏం దొరుకుతుంది?

కంచరపాలెం కుర్రాడు:

అందరికీ నమస్తే. మాది వైజాగ్, ఎనిమిదేళ్లుగా ఒహాయోలో ఉంటున్నాను. పాత గేమ్ కన్సోళ్ల పిచ్చి ఈ మధ్యే పట్టుకుంది. ఇంట్లో అటారీ 2600 ఉంది, నింటెండో వాళ్ల ఎన్‌ఈఎస్ ఉంది. మొన్న మా వీధి చివర ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు అమ్మకానికి పెడితే వెళ్లాను. గరాజ్‌లో ఓ మూల, క్రిస్మస్ లైట్ల డబ్బా కింద ఫెయిర్‌చైల్డ్ ఛానల్ ఎఫ్ కనిపించింది. మొదటి మోడలే. చెక్క రంగు పట్టీ, కంట్రోలర్లు దాచుకునే చోట పొగరంగు ప్లాస్టిక్ మూత, పక్కనే తొమ్మిది పసుపు క్యాసెట్లు. 120 డాలర్లు చెప్పారు. శనివారం దాకా ఎవరికీ ఇవ్వకుండా ఉంచుతానన్నారు.

ఇంటికొచ్చి ఎమ్యులేటర్‌లో, అంటే పాత కన్సోల్ ఆటల్ని కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రామ్‌లో, ఓ అరగంట ఆడి చూశాను. నిజం చెప్పాలంటే ఏమీ అనిపించలేదు. పెద్ద పెద్ద చదరపు చుక్కలు, నాలుగు రంగులు, బీప్ అని చప్పుడు. కానీ దీన్ని ఏళ్ల తరబడి దాచుకుని, పాడైతే బాగుచేసుకుని మరీ ఆడేవాళ్లు ఉన్నారట. వాళ్లకి ఇందులో ఏం కనిపిస్తోంది? అరుదైన వస్తువు అనా, లేక ఆడితే నిజంగా బాగుంటుందా? దగ్గర పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

అటారీ అన్న:

ఆటల కోసమే అయితే నేను వద్దనే అంటాను తమ్ముడూ. ఛానల్ ఎఫ్‌కి ఫెయిర్‌చైల్డ్ కంపెనీ, ఆ తర్వాత జిర్కాన్ కంపెనీ కలిపి తెచ్చిన క్యాసెట్లు 26. అటారీకి వందల్లో ఉన్నాయి. 1980లో అటారీకి స్పేస్ ఇన్వేడర్స్ వచ్చాక ఇక పోటీయే లేదు. నేను ఒక స్నేహితుడి ఇంట్లో దీన్ని ఆడాను. కంట్రోలర్ ఎలా పట్టుకోవాలో చేతికి తెలిసేసరికే గంట గడిచింది. ధర మాత్రం మరీ ఎక్కువేం కాదు.

పసుపు క్యాసెట్:

నా దగ్గర 2013 నుంచి ఉంది, అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తాను.

మాది తెనాలి. 1996లో మా మేనమామ హైదరాబాద్ నుంచి ఒక టీవీ వీడియో గేమ్ తెచ్చాడు. దానితో వచ్చిన క్యాసెట్ పసుపు రంగు. మనవాళ్లు ఎవరూ కార్ట్రిడ్జ్ అనలేదు కదా, అందరికీ అది క్యాసెట్టే. ఆట రాకపోతే బయటికి లాగి, నోటితో ఊది, మళ్లీ గుచ్చేవాళ్లం. పక్కింటి కుర్రాడి క్యాసెట్ ఒక రాత్రికి అడిగి తెచ్చుకుంటే మా పెట్టె వేరే పెట్టె అయిపోయేది. పెట్టె ఒకటే, ఆట మాత్రం చేతిలో పట్టుకుని పక్కింటికి తీసుకెళ్లొచ్చు. ఆ వయసులో అది మామూలు విషయం అనుకున్నాను. ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించి చేసిన పని అని తెలిసింది ఛానల్ ఎఫ్ కొన్నాకే.

1976 నవంబర్‌లో ఇది 169 డాలర్ల 95 సెంట్లకి అమ్మకానికి వచ్చింది. అప్పటిదాకా ఇంట్లో ఆడే పెట్టెల్లో ఆట సర్క్యూట్‌లోనే ఉండేది. పాంగ్ లాంటివి అంతే. 1972 నాటి మాగ్నవాక్స్ ఒడిస్సీకి కార్డులు ఉండేవి గానీ, ఆ కార్డులో ప్రోగ్రామ్ ఏమీ లేదు, లోపలున్న తీగల్ని ఒకదానికొకటి కలిపేదంతే. క్యాసెట్‌లో ప్రోగ్రామ్ పెట్టి, దాన్ని నడిపే మైక్రోప్రాసెసర్‌ని పెట్టెలో పెట్టి ఇళ్లకి అమ్మిన మొదటి యంత్రం ఇదే. కనెటికట్‌లో ఆల్పెక్స్ అనే చిన్న కంపెనీలో వాలెస్ కర్ష్‌నర్, లారెన్స్ హాస్కెల్ అనే ఇద్దరికి ఈ ఆలోచన వచ్చింది. వాళ్ల నమూనాని ఫెయిర్‌చైల్డ్‌లో ఇంటింటికీ పనికొచ్చే వస్తువుగా మార్చింది జెర్రీ లాసన్ బృందం. క్యాసెట్ గుచ్చే యంత్రాంగం రాన్ స్మిత్ పని, బయటి రూపం నిక్ టేల్స్‌ఫోర్ పని. అటారీ వీసీఎస్, అంటే మీ దగ్గరున్న 2600, వచ్చింది ఆ తర్వాత పది నెలలకి, 1977 సెప్టెంబర్‌లో.

లాసన్ గురించి చదివినప్పుడల్లా నాకు గుండె నిండిపోతుంది. 1940లో పుట్టిన నల్లజాతి కుర్రాడు. న్యూయార్క్ క్వీన్స్‌లో ఇంట్లోనే హ్యామ్ రేడియో పెట్టుకున్నాడు, ఇరుగుపొరుగు టీవీలు బాగుచేస్తూ పెరిగాడు. అప్పటి సిలికాన్ వ్యాలీలో ఆయనలాంటి ఇంజనీర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఆయన్ని గుర్తించి సత్కరించింది 2011 మార్చిలో, ఏప్రిల్‌లో ఆయన పోయారు. నేను ఉండేది శాన్‌హోసేలో. ఆఫీసుకి వెళ్లే దారుల్లోనే ఆయన తిరిగి ఉంటాడనుకుంటే ఈ పెట్టె నాకు ఇంకోలా కనిపిస్తుంది.

ఇక మీరు అడిగిన అసలు విషయం, ఆడితే ఎలా ఉంటుందని.

ఎమ్యులేటర్‌లో పోయేది కంట్రోలర్. దీనికి కింద పీట ఉండదు. అరచేతిలో ఇమిడే నల్లటి పిడి, పైన మూడు మూలల టోపీ. ఆ టోపీని ఎనిమిది దిక్కులకీ నెట్టొచ్చు. గడియారం తిప్పినట్టు ఇటూ అటూ తిప్పొచ్చు, పైకి లాగొచ్చు, కిందికి నొక్కొచ్చు. పెట్టెలోనే ఉన్న హాకీ పెట్టి చూడండి. టోపీ తిప్పితే తెర మీద బ్యాటు ఏటవాలుగా తిరుగుతుంది, బంతి అటువైపు జారిపోతుంది. కీబోర్డు మీద దానికి రెండు బటన్లు కేటాయిస్తే ఆ ఆట చచ్చిపోతుంది. మణికట్టుతో ఆడాలి. నాకు మూడు రోజులు పట్టింది, మా ఆవిడకి ఒక సాయంత్రం. ఇప్పటికీ హాకీలో తనదే పైచేయి.

రెండోది చప్పుడు. మొదటి మోడల్‌లో శబ్దం టీవీలోంచి రాదు, పెట్టెలోపల చిన్న స్పీకర్ ఉంటుంది. మూడే మూడు స్వరాలు: 120, 500, 1000 హెర్ట్జ్. బంతి తగిలిన చప్పుడు మీ మోకాళ్ల దగ్గర నేల మీదున్న పెట్టెలోంచి వస్తుంది. ఎదురుగా టీవీ నిశ్శబ్దంగా ఉంటుంది. చెబితే వింతగా ఉంటుంది గానీ, అలవాటయ్యాక ఆ బల్ల మీదో చాప మీదో నిజంగా ఏదో తగిలినట్టే అనిపిస్తుంది.

మూడోది, ఇందులో చాలా ఆటలు ఇద్దరికి చేసినవి. ఒక్కడే కూర్చుని అరగంట ఆడితే నాకూ ఏమీ అనిపించేది కాదు. ముందు రీసెట్ నొక్కగానే తెర మీద జీ అక్షరం, పక్కన ప్రశ్నార్థకం వస్తాయి. ఏ ఆట కావాలి అని పెట్టె మిమ్మల్ని అడుగుతోందన్నమాట. ఆట మధ్యలో హోల్డ్ నొక్కితే ఆగిపోతుంది, ఆగినప్పుడు వేగం కూడా మార్చుకోవచ్చు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచి వెళ్లొచ్చే సౌకర్యం 1976లోనే ఇచ్చారు!

నేను ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ని కాబట్టి ఇంకొక్కటి చెప్పకుండా ఉండలేను. ఇందులో ఎఫ్8 ప్రాసెసర్. అది పనిచేసుకోవడానికి ఉన్న మెమరీ 64 బైట్లు. తెర బొమ్మ కోసం విడిగా 2 కిలోబైట్లు ఉన్నాయి, అది వేరు. మన ఫోన్లలో తెలుగు అక్షరానికి, గుడికి, దీర్ఘానికి ఒక్కోదానికి మూడేసి బైట్లు, ఒత్తుకి ఆరు బైట్లు పడతాయి. లెక్కేస్తే శ్రీరామ అనే మాటకి 21 బైట్లు. అంటే ఖాళీలు లేకుండా మూడుసార్లు శ్రీరామ అని రాస్తే 63. ఇంకొక్క బైటు మిగులుతుంది. అంత చోటులో బంతి ఎక్కడుంది, ఎటు పోతోంది, ఎవరికెన్ని పాయింట్లు, ఎంత టైముంది అన్నీ పెట్టుకుని ఆడించారు. డాడ్జ్ ఇట్ అని 16వ నంబరు క్యాసెట్ ఉంది. ఒక చిన్న చదరం, దాని మీదికి వచ్చే బంతులు, తప్పించుకోవడం, అంతే. బంతులు పెరిగే కొద్దీ ఊపిరి బిగబట్టి కూర్చుంటాం. ఆ మూడు శ్రీరామల్లోంచి అంత టెన్షన్ పుట్టించడం చూస్తే నాకు దండం పెట్టాలనిపిస్తుంది.

అన్నీ బాగుంటాయని చెప్పను. మ్యాథ్ క్విజ్ రెండు క్యాసెట్లూ మా పిల్లలు ఒక్కసారే పెట్టారు. స్లాట్ మెషిన్ నేను కూడా ఒక్కసారే. అటారీతో పోల్చి కొంటే నిరాశ తప్పదు, అన్న చెప్పింది నిజమే. దీన్ని దీనిలాగే చూడాలి.

ఇంకో మాట. నాది కొన్నప్పుడు బాగా పనిచేస్తుందనే చెప్పి అమ్మారు. ఇంటికొచ్చి పెడితే తెర మీద చారలు తప్ప ఏమీ లేవు. రెండు నెలలు కుస్తీ పట్టాను. కాబట్టి డబ్బులిచ్చే ముందు అక్కడే ఏదో ఒక టీవీకి తగిలించి చూపించమనండి.

ఫెయిర్‌చైల్డ్ తర్వాత దీన్ని తీసుకుని 1979లో రెండో మోడల్ తెచ్చింది జిర్కాన్ అనే కంపెనీ. మీ గరాజ్‌లో గోడలో కట్టె ఎక్కడుందో కనిపెట్టే పరికరం ఉంటే దాని మీద పేరు చూడండి. ఆ జిర్కానే అయ్యుండొచ్చు. నా దానిమీద ఉంది. అది చూసిన రోజు ఇల్లంతా తిరిగి అందరికీ చూపించాను.

మీ తొమ్మిది క్యాసెట్ల నంబర్లు ఏమిటో రాయండి. 10 ఉంటే మాత్రం వదలొద్దు, అది మేజ్. చిట్టడవి లాంటి దారుల్లో పిల్లి తరుముతుంటే ఎలుక బయటపడాలి.

టంకం చెయ్యి:

పైన వివరంగా రాశారు. బాగుచేసే పని వరకు నేను చెబుతాను.

పాత టీవీ అక్కర్లేదు. మీ టీవీకి యాంటెన్నా సాకెట్, అనలాగ్ ట్యూనర్ ఉంటే చిన్న అడాప్టర్ ముక్క కొని తగిలించి, ఛానల్ 3లోనో 4లోనో వెతకండి. రాకపోతే ట్యూనర్ కూడా ఉన్న పాత వీసీఆర్ మధ్యలో పెట్టండి. క్యాసెట్ పనిచేయకపోతే దయచేసి నోటితో ఊదొద్దు, ఆ తడికి పిన్నులు తుప్పు పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి. మొదటి మోడల్‌లో కంట్రోలర్ తీగ పెట్టెకే అతికి ఉంటుంది, ఊడదీసి మార్చే వీలు లేదు. తీగ పట్టుకుని లాగకండి.

ఎప్పుడైనా ఇండియాకి పట్టుకెళ్తే అక్కడి ప్లగ్గులో నేరుగా పెట్టొద్దు, ఇది 120 వోల్టుల యంత్రం.

ఆటలు తక్కువని బాధ వద్దు. దీనికి ఇప్పటికీ కొత్తవి రాసేవాళ్లున్నారు. 2009లో ప్యాక్‌మాన్ కూడా తయారుచేశారు.

కంచరపాలెం కుర్రాడు:

అందరికీ థ్యాంక్స్. శనివారం తెచ్చేశాను. అక్కడే పెట్టి చూపించారు, పనిచేసింది. క్యాసెట్లు 1, 2, 4, 8, 10, 12, 15, 16, 17. పది ఉందండీ!

మా నాన్న వైజాగ్ నుంచి వచ్చి రెండు నెలలుగా మా దగ్గరే ఉంటున్నారు. పాతికేళ్లు లేత్ మెషిన్ మీద పనిచేసిన మనిషి. ఫోన్‌లో గేమ్ అంటే దగ్గరికి కూడా రారు. నేను హాకీ పెట్టి తంటాలు పడుతుంటే కాసేపు చూసి, పిడి ఇటివ్వరా అన్నారు. టోపీని రెండు వేళ్లతో పట్టుకుని వెంట్రుకవాసి తిప్పి బ్యాటు ఏటవాలు చేశారు. వరసగా మూడు గోల్స్. నాకు మూడు రోజులు పట్టేలా ఉంది గానీ ఆయనకి మూడు నిమిషాలు కూడా పట్టలేదు. పెట్టెలోంచి చప్పుడు వచ్చినప్పుడల్లా టీవీ వైపు కాకుండా పెట్టె వైపు చూస్తున్నారు.

టిక్ టాక్ టోలో ఓడిపోతే తెర మీద నన్ను టర్కీ కోడి అని తిట్టింది. నాన్నకి అర్థం చెబితే అరగంట నవ్వారు.

ఒక్క సమస్య. ఎడమ కంట్రోలర్ కుడివైపు తిప్పితే ఒక్కోసారి పలకడం లేదు. విప్పొచ్చా?

టంకం చెయ్యి:

విప్పొచ్చు. లోపల సన్నటి లోహపు ముక్కలు ఒకదానికొకటి తగిలి పనిచేస్తాయి, మీ దాంట్లో ఏదో ఒకటి మసి పట్టి ఉంటుంది. కింద తెల్లటి గుడ్డ పరుచుకుని కూర్చోండి. ఒక్కో ముక్క తీసే ముందు ఫోటో తీయండి. తిరిగి పెట్టేటప్పుడు ఏది ఎటు వంగి ఉందో ఎవరికీ గుర్తుండదు. గరుకు కాగితంతో రుద్దొద్దు, ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు.

కంచరపాలెం కుర్రాడు:

సరేనండీ. ఇవాళ రాత్రి విప్పుదామనుకున్నాను. పనిచేస్తున్న కుడిచేతిది నాన్న తీసేసుకున్నారు, ఈ ఎడమదానితోనే ఇంకో ఆట ఆడి అప్పుడు విప్పుకోమంటున్నారు.