ప్రసవమై నాలుగు నెలలైనా పొట్ట తగ్గలేదు, తుమ్మితే మూత్రం జారుతోంది: ఇందులో ఏది మామూలు?

ప్రశ్న: హొరమావు నుండి ఒక బాలింత

అందరికీ నమస్కారం. మాది కడప జిల్లా. ఉద్యోగాల వల్ల నేనూ మావారూ బెంగళూరులో ఉంటున్నాము. ఇది నాకు మొదటి కాన్పు, సహజ ప్రసవమే అయింది. ఇప్పుడు పాపకు నాలుగు నెలలు నిండాయి, నా పాలే పడుతున్నాను. నా బరువు గర్భానికి ముందున్న బరువుకు దాదాపు దగ్గరకు వచ్చినా, పొట్ట మాత్రం ఐదో నెల గర్భిణి పొట్టలాగే కనిపిస్తోంది. మంచం మీద నుండి లేచేటప్పుడు బొడ్డుకు పైనా కిందా నడిమధ్యలో ఒక గట్టులా ఉబుకుతోంది. తుమ్మినా, దగ్గినా, పాపను ఎత్తుకుని మెట్లెక్కినా కొద్దిగా మూత్రం జారుతోంది. ఇవి చాలవన్నట్టు ఈ నెల నుండి తల దువ్వుకుంటే జుట్టు గుప్పెళ్ళుగా ఊడుతోంది.

పురిట్లో పొట్టకు గుడ్డ బిగించి కట్టించుకోలేదు కాబట్టే ఇలా అయిందని మా అమ్మ బాధపడుతోంది. నీళ్ళు ఎక్కువ తాగడం కూడా కారణమని ఆమె నమ్మకం. పక్కింటి కన్నడ పెద్దావిడ బాణంతనం, అంటే బాలింతకు చేసే సంరక్షణ, సరిగా జరగలేదని అంటున్నారు. ఆరో వారంలో చూసిన డాక్టర్ అంతా బాగుందని చెప్పి పంపారు, ఆ తర్వాత నన్నెవరూ పరీక్షించలేదు. త్వరలో ప్రసూతి సెలవు ముగిసి ఆఫీసుకు వెళ్ళవలసి ఉంది. వీటిలో దేనికి ఓపిక పట్టాలి, దేనికి ఎవరి దగ్గరకు వెళ్ళాలి?

జవాబు: జయనగర్‌లో పనిచేసే ఫిజియోథెరపిస్టు

నమస్తే అండి. మీరు రాసిన పొట్ట, మూత్రం సమస్యలు నేను తరచుగా చూసేవే, రెండింటికీ చికిత్స ఉంది. ప్రసవమైన వెంటనే సుమారు కిలో బరువుండి బొడ్డు దగ్గర చేతికి తగిలే గర్భసంచి, రోజుకు దాదాపు ఒక వేలి వెడల్పు చొప్పున కిందికి దిగుతూ, రెండు వారాలయ్యేసరికి పైనుండి తడిమితే తెలియనంతగా కటిలోకి వెళ్ళిపోతుంది. ఆరు వారాలకు దాని బరువు 60-70 గ్రాములకు చేరుతుంది. కాబట్టి ఆరో వారంలో అంతా బాగుందని మీ డాక్టర్ చెప్పినది గర్భసంచి వరకు నిజమే. ఆ గడువులో కుదుటపడనివి పొట్ట గోడ, మూత్రాశయాన్నీ గర్భసంచినీ కింది నుండి మోసే కటి అడుగు కండరాలు. వాటికి నెలలు పడుతుంది, కానీ సరిగ్గా ఆ నెలల్లోనే తల్లిని పరీక్షించేవారు ఎవరూ ఉండరు. బిడ్డను 6, 10, 14 వారాల టీకాలకు తప్పకుండా తీసుకెళ్తాము. ఆ రోజుల్లోనే తల్లిని కూడా ఒకసారి చూడమని అడిగే అలవాటు మన ఇళ్ళలో రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

పొట్ట ముందు భాగంలో రొమ్ము ఎముక నుండి కటి ఎముక వరకు రెండు నిలువు కండరాలు ఉంటాయి. వాటి మధ్యనున్న పలుచని పట్టీ గర్భం పెరిగేకొద్దీ సాగి, రెండు కండరాలూ పక్కలకు జరుగుతాయి. దీనిని డయాస్టాసిస్ రెక్టై అంటారు. మీరు చెప్పిన గట్టు దీనికి గుర్తే అనిపిస్తోంది. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, తల కొద్దిగా ఎత్తి, బొడ్డు పైనా కిందా వేళ్ళు అడ్డంగా పెట్టి చూడండి. రెండు వేళ్ళకు మించి సందు ఉంటే ఫిజియోథెరపిస్టుకు చూపించడం మంచిది. సందు ఎంత వెడల్పు ఉందన్నదానికన్నా, వేళ్ళ కింద ఆ పట్టీ బిగువుగా ఉందా, మెత్తగా లోపలికి దిగిపోతోందా అన్నది నేను ఎక్కువగా పట్టించుకుంటాను. బిగువు ఉంటే పొట్ట పని చేస్తున్నట్టే. ఈ సందు మొదటి రెండు నెలల్లో దానంతట అదే చాలా వరకు తగ్గుతుంది, ఆ తర్వాత మిగిలిన దానికి వ్యాయామం కావాలి. అయితే వెల్లకిలా పడుకుని లేచే వ్యాయామాలు, రెండు కాళ్ళూ ఒకేసారి పైకెత్తేవి ఇప్పుడు వద్దు. గట్టు ఉబికే ప్రతి కదలికా ఆ పట్టీ మీద ఒత్తిడి పెంచుతుంది. మంచం మీద నుండి ముందు పక్కకు తిరిగి, చేతి ఊతంతో లేవండి. గాలి మెల్లగా వదులుతూ బొడ్డును వెన్ను వైపుకు లాగి పట్టుకునే సాధన ఈ రోజే మొదలుపెట్టవచ్చు.

మూత్రం జారడం ప్రసవమైన స్త్రీలలో చాలా సాధారణం, కానీ సాధారణం కదా అని ఊరుకోవలసినది కాదు. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ప్రచారంలోకి తెచ్చిన వ్యాయామమే ఇప్పటికీ దీనికి మొదటి చికిత్స. మూత్రాన్నీ అపానవాయువునూ ఒకేసారి ఆపుకుంటున్నట్టు కటి అడుగు కండరాలను పైకి బిగించి, కొన్ని సెకన్లు ఉంచి, పూర్తిగా వదలాలి. ఇలా ఒక విడతకు ఎనిమిది నుండి పది సార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు చేయాలి. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి సాధన చేయకండి. చాలామంది పొట్టనో పిరుదులనో బిగించి అదే వ్యాయామమనుకుంటారు, అందుకే ఒక్కసారైనా ఫిజియోథెరపిస్టు పరీక్షించి సరిచూడటం అవసరం.

జవాబు: మల్లేశ్వరం నుండి ఒక విశ్రాంత నర్సు

అమ్మా, మీ అమ్మగారి మాటను నేను పూర్తిగా కొట్టివేయను. మనవాళ్ళు పురిటిలో చేయించే నువ్వుల నూనె మర్దనా, వేడినీళ్ళ స్నానం, బాలింతను పని ముట్టుకోనివ్వకుండా కూర్చోబెట్టడం, ఇవన్నీ ఒళ్ళు తేరుకోవడానికి సాయం చేసేవే. గుడ్డ కట్టడం మొదటి రోజుల్లో నడుముకు ఊతమిస్తుంది, సిజేరియన్ అయినవారికి లేవడం, దగ్గడం సులువవుతుంది. కానీ అది సాగిన పట్టీని తిరిగి కలపదు, మరీ బిగిస్తే ఒత్తిడంతా కిందికి దిగి మూత్రం సమస్య పెరగవచ్చు. మీరు కట్టుకోకపోవడం వల్ల ఈ స్థితి వచ్చిందని మనసులో పెట్టుకోకండి.

నీళ్ళ విషయంలో మాత్రం నేను రాజీపడలేను. ప్రసవం తర్వాత మొదటి ఆరు వారాల్లో రక్తం సులువుగా గడ్డకట్టే స్వభావం కలిగి ఉంటుంది. పత్యం పేరుతో నీళ్ళు తగ్గిస్తే ఒళ్ళు ఎండిపోయి ఆ ప్రమాదం పెరుగుతుంది. బాలింతల మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టే జబ్బును మన బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్ వైద్యులు దశాబ్దాలుగా అధ్యయనం చేస్తున్నారు. కొత్తగా ప్రసవమైనవారికి తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ఒక కాలి పిక్కలో మాత్రమే వాపూ నొప్పీ, ఆయాసం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, గంటలో ప్యాడ్ నిండిపోయేంత రక్తస్రావం ఉంటే ఇంటి వైద్యం కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు అదనంగా 600 కేలరీల ఆహారం కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది, కనుక పొట్ట తగ్గాలని అన్నం మానకండి. ప్రసవం తర్వాత ఇనుము మాత్ర 180 రోజులు, కాల్షియం ఆరు నెలలు వాడాలన్నది ప్రభుత్వ నియమం. ఇంటికి వెళ్ళగానే వాటిని ఆపేసేవారే ఎక్కువ. మరో మాట, ఎవరూ పైకి చెప్పనిది: పాలిచ్చినంత కాలం ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను తక్కువగా ఉండడం వల్ల యోని పొడిబారి, దాంపత్యంలో నొప్పి కలగవచ్చు. నీటితో తయారైన జెల్ వాడితే ఉపశమనం ఉంటుంది, తగ్గకపోతే గైనకాలజిస్టును అడగండి.

జవాబు: మారతహళ్ళి నుండి ఇద్దరు పిల్లల తల్లి

జుట్టు గురించి నేను చెబుతాను అక్కా. గర్భంలో ఈస్ట్రోజెన్ వల్ల మామూలుగా రాలవలసిన వెంట్రుకలు కూడా రాలకుండా నిలిచిపోతాయి, ప్రసవమయ్యాక అవన్నీ ఒక్కసారిగా విశ్రాంతి దశకు చేరి, రెండు నుండి నాలుగు నెలల మధ్య రాలడం మొదలవుతుంది. బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి చాలామందికి జుట్టు మునుపటిలా అవుతుంది. నూనెలు మార్చి డబ్బు పోగొట్టుకోకండి. అయితే దానితో పాటు విపరీతమైన అలసట, గుండె దడ, చలికి తట్టుకోలేకపోవడం వంటివి ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి. కాన్పు తర్వాతి ఏడాదిలో కొందరికి థైరాయిడ్ వాపు వస్తుంది. ఆ లక్షణాలను నిద్రలేమిగా భావించి వదిలేయడం సులువు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. వేళ్ళతో చూస్తే సందు మూడు వేళ్ళు ఉంది, లోపల మెత్తగానే తగులుతోంది. ఇంటి దగ్గరి పార్కులో పరుగెత్తడం మొదలుపెడదామనుకున్నాను. ఇప్పుడే మొదలుపెట్టవచ్చా?

జవాబు: జయనగర్ ఫిజియోథెరపిస్టు

వద్దండి. మూత్రం జారుతున్నంత వరకు పరుగు, దూకడం, తాడాట మొదలుపెట్టకండి. రోజూ అరగంట నడక నిరభ్యంతరంగా చేయవచ్చు. కటి కండరాలకు చికిత్స చేసే ఫిజియోథెరపిస్టుకు ఈ వారమే చూపించండి. కింద ఏదో జారుతున్నట్టు, బరువుగా లాగుతున్నట్టు అనిపిస్తే, ముఖ్యంగా సాయంత్రానికి అది ఎక్కువవుతుంటే, ముందుగా గైనకాలజిస్టు దగ్గరకు వెళ్ళండి, ఎందుకంటే గర్భసంచి గానీ మూత్రాశయం గానీ కిందికి జారిందేమో చూసిన తర్వాతే ఏ వ్యాయామం చేయాలో నిర్ణయించాలి.