బస్ బిగుసుకుపోతే విడిపించాల్సింది కెర్నెలా, మనమా?

పర్లాకిమిడి గోదాం:
మా ధాన్యం గోదాంలో తేమ చూడ్డానికి చిన్న లినక్స్ బోర్డు పెట్టాను. ఐటూసీ సెన్సర్, దానికి విడిగా బ్యాటరీ. బోర్డూ సెన్సరూ మాట్లాడుకునే బస్ అంటే రెండు తీగలే: డేటాకి ఎస్‌డీఏ, క్లాక్‌కి ఎస్‌సీఎల్. గాలివానకి కరెంటు పోయి వస్తే ఒక్కోసారి బోర్డు లేస్తుంది, సెన్సర్ పలకదు. రీబూట్ కొట్టినా అంతే. మల్టీమీటర్ పెడితే ఎస్‌సీఎల్ మీద 3.3 వోల్టులు, ఎస్‌డీఏ మీద సున్నా. అంటే సెన్సర్ సున్నా బిట్ పంపుతుండగా బోర్డు పోయింది. అది తీగని కిందకి పట్టుకుని తర్వాతి క్లాక్ కోసం కూర్చుంది. కెర్నెల్‌లో (లినక్స్ గుండెకాయ) ఈ బస్‌ని నడిపే కోడ్, అదే డ్రైవరేమో, బస్ ఖాళీ లేదని టైమవుటై ఊరుకుంటోంది. 9 క్లాక్ పల్సులిస్తే వదులుతుందని ఐటూసీ స్పెసిఫికేషన్‌లోనే ఉంది. ఇది డ్రైవర్ బగ్ కాదా? (బస్ డ్రైవర్‌ది తప్పు అంటే మా ఆవిడ పాతపట్నం బస్సా అనడిగింది.)

రాయగడ మాష్టారు:
బగ్గేటి బాబూ, నీ వైరింగే. సెన్సర్‌కీ బోర్డు నుంచే కరెంటిస్తే రెండూ కలిసి పోయి కలిసి లేచేవి. రేపు అదే బస్ మీద ఎవరో ఈఈప్రామ్ (కరెంటు పోయినా రాసింది ఉంచుకునే మెమరీ చిప్) పెడతారు. రాత మధ్యలో నీ పల్సులు పడితే అందులో చెత్త చేరుతుంది. కెర్నెల్ నీ ఒక్కడి గోదాం కోసం కాదు కదా.

పర్లాకిమిడి గోదాం:
ఈఈప్రామ్ భయం నిజమే మాష్టారూ. కానీ కెర్నెల్‌లో ఉన్న, బస్‌ని విడిపించే రికవరీ ఫంక్షన్, ఎస్‌డీఏని తను నడపగలిగితే ప్రతి పల్సు వెనకా స్టాప్ (మాట ముగిసిందనే సంకేతం) ఇస్తుంది, రాత అక్కడే ఆగిపోతుంది. నా డ్రైవర్ దాన్ని పిలవట్లేదు, అదే గొడవ. పిన్నుల్ని జీపీఐఓగా (సాఫ్ట్‌వేర్ నేరుగా పైకీ కిందకీ మార్చగల పిన్నులుగా) మార్చే వివరం డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏముందో కెర్నెల్‌కి చెప్పే ఫైల్), ఒక్క పిలుపు డ్రైవర్‌లో పెడితే చాలు.

గుణుపురం సోల్డర్:
టైమవుటైన ప్రతిసారీ పిలవకు అన్నా. సెన్సర్ క్లాక్‌ని మరీ సాగదీసినా (ఆగమని ఎస్‌సీఎల్‌ని కింద పట్టుకున్నా) టైమవుటే వస్తుంది. ఎస్‌డీఏ కిందుండి ఎస్‌సీఎల్ పైనుంటేనే పిలువు. ఎస్‌సీఎల్లే కిందుండిపోతే 90 పల్సులు కొడదామన్నా కుదరదు, కరెంటు తియ్యాల్సిందే. అక్కడ మాష్టారి మాటే గెలుస్తుంది.

పర్లాకిమిడి గోదాం:
ఆ షరతు పెట్టి నిన్న రాత్రి 20 సార్లు ప్లగ్ పీకాను. 3 సార్లు బిగుసుకుంది, మూడుసార్లూ విడిపోయింది. ఆ ఒక్క రీడింగ్ మాత్రం ఎర్రరవుతోంది, మళ్లీ అడిగితే ఇస్తోంది. ప్యాచ్ (డ్రైవర్ కోడ్‌లో మార్పు) పంపుతున్నాను.

రాయగడ మాష్టారు:
పంపు. కమిట్ మెసేజ్‌లో (మార్పుతో పాటు రాసే వివరణ) ఆ రెండు వోల్టేజీలూ రాయి, చూసేవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. వైరింగ్ మాత్రం మార్చు.