‘ఆటలో అరటిపండు’ తిట్టా, మినహాయింపా?

మొదటి టపా

ఈ మధ్య టీవీ చర్చల్లో ‘ఆటలో అరటిపండు’ తెగ వినిపిస్తోంది. కూటమిలో మాట చెల్లని పార్టీ, సంతకం తప్ప అధికారం లేని చైర్మన్, పిలిచి కూర్చోబెట్టి అభిప్రాయం అడగని సభ్యుడు, అందరూ అరటిపళ్ళే. ‘లెక్కలోకి రానివాడు’ అన్న అర్థం స్థిరపడింది, దానికి వెటకారం అంటుకుంది. పిల్లల ఆటల్లో ఈ మాటకి వెటకారం లేదు. అక్కడ అదొక నిబంధన. పెద్దపిల్లల వెంటబడి వచ్చిన నాలుగేళ్ళవాణ్ణి ఏడిపించకుండా, ఆటా చెడకుండా చేసుకున్న ఏర్పాటు. ఇప్పటి పిల్లలకి టీవీ అర్థమే తెలుసు, ఆట అర్థం తెలియడం లేదు. ఏ ఆటలో ఈ నిబంధన ఎలా నడిచేదో తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. అరటిపండే ఎందుకైందో కూడా ఆలోచిద్దాం.

స్పందన

సూత్రం ఒక్కటే: ఆటలో ఉంటాడు, లెక్కలో ఉండడు. అమలు మాత్రం ఆటకో రకం.

దాగుడుమూతల్లో మొదట దొరికినవాడు తర్వాతి దొంగ. అరటిపండు మొదట దొరికితే ఆ దొరకడం చెల్లదు, రెండోవాడి నుంచే లెక్క. ముట్టుకునే ఆటల్లో వాణ్ణి ముట్టుకున్నా దొంగ మారడు. నేలాబండలో దొంగ ‘నేల’ కోరుకుంటే మిగతావాళ్ళు బండ దిగితే చిక్కినట్టే, అరటిపండు మాత్రం దర్జాగా నేలమీద తిరగొచ్చు. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి బదులు రెండు కాళ్ళతో గెంతినా, గీత తొక్కినా వాడి ఆట పోదు. కాకపోతే గడి వాడి సొంతమూ కాదు. క్రికెట్లో చివర రెండు బంతులు కిందనుంచి మెల్లగా వేసి ఆడిస్తారు, పరుగులు కలపరు.

గమనించాల్సింది ఏమిటంటే వాడికి తప్పూ లేదు, గెలుపూ లేదు. రెండూ కలిపే తీసేస్తారు. తప్పు ఒక్కటే తీసేసి గెలుపు ఉంచితే రెండో రోజుకి అందరూ అరటిపళ్ళం అంటారు.

బిళ్ళంగోడుకి (తెలంగాణలో చిర్రాగోనె) ఈ మినహాయింపు సరిపోదు. అక్కడ ప్రమాదం ఓడిపోవడంలో లేదు, బిళ్ళలో ఉంది. బిళ్ళ బెత్తెడు పైచిలుకు ఉంటుంది, రెండు కొనలూ చెక్కి ఉంటాయి. కర్ర మూరెడు, ఆ పైన. కొనమీద కొడితే బిళ్ళ పైకి లేస్తుంది, గాల్లో ఉండగా రెండో దెబ్బ. ఆ దెబ్బ నడిమికి కాక పక్కకి తగిలితే బిళ్ళ ఎటు పోతుందో కొట్టినవాడికీ తెలియదు. ఎదురుగా పట్టుకోవడానికి నిలబడ్డవాళ్ళ కళ్ళకి తగిలేది అలాగే. కొట్టేవాడి వెనక నిలబెడదామంటే కర్ర విసురు తగులుతుంది. అందుకని అరటిపండుని దూరంగా కూర్చోబెట్టి, బిళ్ళ పడ్డాక దూరం కొలిచేటప్పుడు మాత్రం కర్ర చేతికిస్తారు. లెక్కలో లేనివాడి చేత లెక్క పెట్టించడం అన్నమాట.

ఇంకొకరు

అరటిపండే ఎందుకు అన్నదానికి ఒక ఊహ చెబుతాను, ఊహగానే తీసుకోండి.

దొంగ ఎవరో తేల్చడానికి పంటలు వేస్తారు కదా. ముగ్గురు చేతులు ఊపి, అరచెయ్యి వెల్లకిలా గానీ బోర్లా గానీ పెడతారు. ఇద్దరివి ఒకలా, ఒకరిది వేరుగా పడితే ఆ వేరుగా పడ్డవాడు ‘పండినట్టు’, పక్కకి తప్పుకుంటాడు. ముగ్గురివీ ఒకేలా పడితే మళ్ళీ వెయ్యాలి. పండినవాడి చోటులోకి ఇంకొకడు వస్తాడు. చివరికి ఇద్దరు మిగిలితే వేరు-ఒకటి తేలదు కాబట్టి, ముందే పండినవాడొకడు ఉత్తుత్తి చెయ్యి కలుపుతాడు. ఎవరి చెయ్యి ఆ ఉత్తుత్తి చేతితో కలవదో వాడు పండాడు, మిగిలినవాడు దొంగ. ఉత్తుత్తి చెయ్యే వేరుగా పడితే ఆ వేత చెల్లదు.

‘పండు’ ధాతువు నుంచి ‘పంట’ వచ్చింది. వండు-వంట, మండు-మంట లాగా పండు-పంట. పంటలో తప్పుకున్నవాడు పండినవాడు. మరి పంటలే వెయ్యకుండా ముందే తప్పుకున్నవాడు? వాడు పుట్టుకతోనే పండు. ఏ పండో చెప్పమంటే, గింజ లేనిదీ గట్టిది కానిదీ చిన్నపిల్లలు తినేదీ అరటిపండే.

దానికి బదులు

ఊహ చమత్కారంగా ఉందండీ. అంత దూరం వెళ్ళక్కర్లేదేమో. ‘ఆటలో’ అని మొదలుపెట్టాక నాలుకకి ‘అరటి’ తగలడానికి యతి, అంటే తొలి అక్షరాల పొందిక, చాలు. ఆ-అ లకి యతి చెల్లుతుంది, రెండు మాటల్లోనూ ‘ట’ ఉంది. సామెతలూ పలుకుబళ్ళూ ముందు చెవికి, తర్వాతే బుద్ధికి. ‘పానకంలో పుడక’, ‘కూరలో కరివేపాకు’ చూడండి, అవీ ఇదే మూస: ఫలానాదానిలో ఫలానాది, తొలి హల్లు కలుస్తుంది. మూస ఒకటే గానీ మూడింటి పని వేరు. పుడక అడ్డం పడేది. కరివేపాకు వాసన ఇచ్చాక తీసి పారేసేది. అరటిపండు అడ్డమూ పడదు, వాడుకోవడమూ లేదు. టీవీలో ఈ మూడూ కలగాపులగం అయ్యాయి. పని చేయించుకుని పక్కన పెట్టిన నాయకుణ్ణి అరటిపండు అనడం తప్పు, ఆయన కరివేపాకు.

ఒక సభ్యురాలు

యతి మాట నిజమే, కానీ పసిపిల్లల తిండిని కొట్టిపారెయ్యకండి. మిగతా భాషలు చూస్తే అనుమానం బలపడుతుంది. బెంగాలీలో ఇలాంటి పిల్లవాణ్ణి ‘దుధ్‌భాత్’ అంటారు, పాలూ అన్నం. హిందీలో ‘కచ్చా నీంబూ’, పచ్చి నిమ్మకాయ. మరాఠీలో ‘లింబూ టింబూ’. జపాన్ పిల్లలైతే ‘మిసొక్కసు’, అంటే మిసో అనే సోయా ముద్దని వడకట్టగా మిగిలిన పిప్పి. ఇన్ని చోట్ల తినే వస్తువే దొరికింది.

కన్నడం మాత్రం సూటిగా ‘ఆటక్కుంటు లెక్కక్కిల్ల’ అంటుంది. ఆటకి ఉంది, లెక్కకి లేదు. ఇంతకంటే నిర్వచనం అక్కర్లేదు. తమిళంలో ‘ఒప్పుక్కు చప్పాణి’, అంటే మాటవరసకి చేర్చుకున్న కుంటివాడు. అందులో పుట్టుకనుంచే ఎగతాళి ఉంది. తెలుగు మాటకి ఆ మచ్చ లేదు, మనమే ఇప్పుడు అంటిస్తున్నాం.

మరొక స్పందన

పండితులు కదళీపాకం గుర్తు చేసుకోలేదేం? కవిత్వం ఎంత సులువుగా అర్థమవుతుందో చెప్పే ద్రాక్షా, కదళీ, నారికేళ పాకాల్లో అరటిది నడిమి స్థానం. నోట్లో వేసుకుంటే చాలదు, తొక్క ఒలవాలి. వ్యవహారంలోనేమో ‘అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు’ అంటే అతి సులువు. ఒలిచేది ఎవరన్నదే తేడా. ఆటలో చిన్నవాడికి తొక్క పెద్దపిల్లలే ఒలుస్తారు.

(చర్చకి సంబంధం లేదు, ఊరుకోలేక రాశాను.)

స్పందన

ఇదంతా సరే. అసలు ఆ రోజుల్లో ఏ నిబంధనలూ లేకే పిల్లలు హాయిగా పెరిగారు. హెల్మెట్లు, మోకాలి తొడుగులు, పక్కన అమ్మ ఫోను, ఇవేవీ లేవు.

దానికి బదులు

నిబంధనలు లేవనకండి. పెద్దలు రాసినవి లేవు, అంతే. పిల్లలు పెట్టుకున్నవి బోలెడు, వాటికి పేర్లూ ఉన్నాయి. ‘తూచ్’ అంటే అయిపోయిన వేత రద్దు. ‘టైంప్లీజ్’ అంటే నడుస్తున్న ఆటకి విరామం, చెప్పు తెగినా ముల్లు గుచ్చుకున్నా. ‘ఉత్తుత్తి’ అంటే ఈ ఒక్కసారికి గెలుపోటములు లేవు. ‘అరటిపండు’ అంటే ఒక మనిషికి ఆట పొడుగునా మినహాయింపు. జరిగినదానికి ఒకటి, జరుగుతున్నదానికి ఒకటి, ఒక్క వేతకి ఒకటి, ఒక మనిషికి ఒకటి. చట్టం రాసేవాళ్ళు కూడా ఇంత పొదుపుగా రాయలేరు.

హాయి అన్నది కూడా అందరికీ కాదు. బిళ్ళ తగిలి చూపు పోయినవాళ్ళకి ఆ రోజులు బంగారు రోజులు కావు. హెల్మెట్‌ని తిట్టి అరటిపండుని పొగడక్కర్లేదు, రెండూ ఒకే పని రెండు దారుల్లో చేస్తాయి.

స్పందన

రెండు దారులు అన్నారు కనుక ఒక పోలిక. బొమ్మల పెట్టె మీద ‘36 నెలల లోపు పిల్లలకు తగదు’ అని ఉంటుంది. ఊడొచ్చే చిన్న ముక్కలు గొంతుకి అడ్డం పడతాయని ఆ హెచ్చరిక. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి, పద్నాలుగేళ్ళ లోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి కూడా. ఇవి ఉండాల్సినవే. కాకపోతే పెట్టె మీది వాక్యం చిన్నవాణ్ణి ఆటనుంచి తీసేస్తుంది, అరటిపండు నిబంధన చిన్నవాణ్ణి ఆటలో ఉంచి లెక్కనుంచి తీసేస్తుంది. వస్తువుకి మొదటిదే సరి, ఎందుకంటే గొంతులో పడ్డ ముక్కకి మినహాయింపులు తెలియవు. మనుషులు ఆడే ఆటకి రెండోది.

ఫోను ఆటల్లో ‘ఈజీ మోడ్’ ఉంది కదా అనొచ్చు. అది వేరు. ఈజీ మోడ్‌లో ఆటే మారుతుంది: శత్రువులు తగ్గుతారు, ప్రాణాలు పెరుగుతాయి. అరటిపండుకి ఆట మారదు, అదే గచ్చు, అదే దొంగ, అదే పరుగు. లెక్క ఒక్కటే మారుతుంది. నలుగురు కలిసి ఆడే ఫోను ఆటలో యంత్రం ప్రతి స్పర్శనీ లెక్కేస్తుంది, ‘వీడిది వదిలెయ్’ అంటే వినదు. నలుగురూ చూసీ చూడనట్టు ఊరుకోవాలి. ఆ ఊరుకోవడం యంత్రానికి ఇంకా నేర్పలేదు.

మొదటి టపా రాసినవారు

బాగా తేలుతోంది. ఈ నిబంధన ఎక్కడ బెడిసికొడుతుందో కూడా ఎవరైనా రాస్తే పూర్తవుతుంది.

స్పందన

చాలాచోట్ల బెడిసికొడుతుంది.

మొదటిది గూఢచర్యం. దొంగ అరటిపండుని పిలిచి, అక్క ఎక్కడుందని అడుగుతాడు. వాడు చెయ్యెత్తి చూపిస్తాడు. అందుకే ‘అరటిపండు మాట చెల్లదు’ అని ముందే అనుకోవాలి. వాడు చూపించిన చోట దొరికితే తూచ్.

రెండోది తోక. చిన్నవాడు తనకి బాగా తెలిసినవాళ్ళ వెనకే దాక్కుంటాడు, నవ్వు ఆపుకోలేడు, దాక్కున్న పెద్దపిల్ల దొరికిపోతుంది. కళ్ళు మూసే పెద్దవాళ్ళ ఒడిలో వాణ్ణి కూర్చోబెట్టడం దీనికి మందు. దొంగ పక్షాన ఉన్నానని వాడికీ గర్వంగా ఉంటుంది. (దొంగ అన్నాను గనుక ఒక మాట: వెతికేవాణ్ణి దొంగ అంటాం, కళ్ళు మూసేటప్పుడు పాడే మాటల్లో దాక్కునేవాళ్ళు దొంగలు. దీనికి వేరే చర్చ పెట్టండి.)

మూడోది పెద్దవాళ్ళ మోసం. చిక్కబోతున్న పదేళ్ళవాడు ‘నేను అరటిపండు’ అని అరుస్తాడు. పంటలు వెయ్యకముందు చెప్పినదే చెల్లుతుందని కట్టడి లేకపోతే ఆట అక్కడికి ఆఖరు.

నాలుగోది అన్నిటికంటే చిక్కు: అరటిపండుకి తాను అరటిపండని తెలిసిపోవడం. ఆరేడేళ్ళకి తెలుస్తుంది. తనని ముట్టుకున్నా దొంగ ఎందుకు కావడం లేదని అడుగుతాడు. ఆ రోజునుంచి పంటల్లోకి తీసుకోవాలి. తీసుకోకపోతే, అప్పటిదాకా మర్యాదగా ఉన్నదే అవమానం అవుతుంది. టీవీ అర్థం పుట్టింది ఇక్కడే అనుకుంటాను. పెద్దయ్యాక కూడా పంటల్లోకి తీసుకోనివాడు.

స్పందన

ఈ చివరి మాటతో, తిట్టా మినహాయింపా అన్న సందేహం తీరింది. వ్యాకరణం సంగతి ఒకటి కలుపుతాను. ‘కమిటీలో ఆటలో అరటిపండు’ అని రాస్తే రెండు ‘లో’లు పక్కపక్కన పడి ఎబ్బెట్టుగా ఉంటుంది. అందుకని కొందరు ‘కమిటీలో అరటిపండు’ అని కత్తిరిస్తున్నారు. అప్పుడు ఆట పోయి, ఫలహారం మిగులుతుంది. ‘ఆయన ఆ కమిటీకి ఆటలో అరటిపండు’ అంటే సరిపోతుంది. పలుకుబడిని ముక్క చెయ్యకుండా బయట విభక్తి మార్చుకోవడమే పద్ధతి.

కొత్తగా చేరిన సభ్యుడు

ఒక్క ప్రశ్న అండీ. ఒకే ఆటలో ఇద్దరు అరటిపళ్ళుండి, ఒకణ్ణొకడు ముట్టుకుంటే చెల్లుతుందా?

దానికి బదులు

వాళ్ళిద్దరి మధ్య చెల్లుతుంది. మిగతావాళ్ళు చూడనట్టు ఉండాలి.