పసిరికలకు ముందు పసరా, ముందు రక్తపరీక్షా?

నర్సంపేట రైతు:
వానలు మొదలైన దగ్గర్నుంచి మా దిక్కు ఊరూరా పసిరికలు, అదే పచ్చకామెర్లు. అందరూ నేల ఉసిరి పసరు పోసే ఇంటికే పోతున్నారు. పట్నంలో చదివే పిల్లలేమో అది మూఢనమ్మకం అంటున్నారు. తాగినవాళ్లలో ఎక్కువమందికి తగ్గడం నేను కళ్లారా చూస్తున్నా. తగ్గేదాన్ని ఎందుకు మానాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

ములుగు మాస్టారు:
మానొద్దు అన్నా. ఆకుల్లో ఏముందని ఎగతాళి చేసేవాళ్లు మలేరియా మందు ఎట్లా పుట్టిందో తెలుసుకోవాలి. చైనా శాస్త్రవేత్త తూ యూయూ పాత వైద్య గ్రంథం తిరగేస్తే, ఒక మొక్కను చల్లని నీళ్లలో నానబెట్టి పిండి తాగమని ఉంది. ఉడకబెడితే గుణం పోతుందేమోనని ఆమె తక్కువ వేడిలో ఈథర్ అనే ద్రావకంతో సారం తీసింది. 1972లో ఆర్టెమిసినిన్ అనే ఆ మలేరియా మందు దొరికింది, 2015లో నోబెల్ వచ్చింది. ఏటూరునాగారం దిక్కు అడవి ఊళ్లలో మలేరియా ముదిరితే ఇచ్చేది ఆ జాతి మందే.

నేల ఉసిరికీ ఆధారం ఉంది. 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో మద్రాసు అధ్యయనం వచ్చింది. కాలేయానికి సోకే హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉండిపోయినవాళ్లకు నెల రోజులు ఆ మొక్క పొడి ఇస్తే 37 మందిలో 59 శాతానికి రక్తంలో వైరస్ గుర్తు కనిపించలేదు. మందు లేని ఉత్తుత్తి పొడి తీసుకున్నవాళ్లలో 4 శాతానికే అట్లా అయింది. ఆ వైరస్‌ను కనిపెట్టి నోబెల్ తీసుకున్న బ్లంబర్గ్ కూడా అందులో ఉన్నాడు. మన అమ్మమ్మలకు ఏమీ తెలియదనడం నాకు మాత్రం బాధగా ఉంటుంది.

కాజీపేట ఫార్మసీ విద్యార్థి:
మాస్టారూ, మీరు చెప్పిన రెండూ నిజమే. నేను చదువుకునేదే మొక్కల మందుల గురించి, వాటిని చిన్నచూపు చూడను. కానీ 1988 తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి. వేరే చోట్ల, వేరే దేశాల్లో అదే పరీక్ష చేస్తే ఆ ఫలితం మళ్లీ రాలేదు. తర్వాత అన్ని పరీక్షలనూ కలిపి చూసినవాళ్లు నమ్మదగ్గ రుజువు లేదన్నారు. గాజు పాత్రలో వైరస్‌ను అడ్డుకున్న సారం, మనిషి కడుపులోంచి రక్తంలోకి, అక్కడినుంచి కాలేయంలోకి చాలినంత చేరాలి కదా. చాలా మొక్కలు అక్కడే ఆగిపోతాయి.

తూ యూయూ కథలోనూ అసలు పని గ్రంథం చదివాకే మొదలైంది. ఏ భాగంలో గుణం ఉంది, ఎంత ఇవ్వాలి, ఎవరికి హాని, ఇవన్నీ తేల్చాకే అది మందైంది. ఆ ఆకు టీ తాగి మలేరియా తగ్గించుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటికీ అంటుంది. ఫ్లూ మందు ఒసెల్టామివిర్‌కు ముడిసరుకు అనాస పువ్వు నుంచి తీసిన షికిమిక్ ఆమ్లం. అట్లాగని బిర్యానీ తింటే ఫ్లూ తగ్గదు.

రైతన్నా, ఇక మీరు అడిగింది. వానాకాలంలో పాడైన నీళ్లతో వచ్చేవి ఎక్కువగా హెపటైటిస్ ఎ, ఇ. ఇవి చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పసరు తాగినా తగ్గుతాయి, తాగకున్నా తగ్గుతాయి. పెద్దవాళ్లకు కొత్తగా సోకిన బి కూడా చాలావరకు దానంతటదే పోతుంది. మీరు కళ్లారా చూసింది నిజమే. తగ్గింది పసరు వల్లనే అనడానికి మాత్రం అది చాలదు.

పరకాల ల్యాబ్ టెక్నీషియన్ (అక్క):
నాకు పసరు కన్నా ఆలస్యం మీదనే కోపం. కళ్లు పచ్చబడ్డాయంటే అన్నీ ఒకటే రోగం కాదు. పిత్తాశయంలో రాయి అడ్డం పడొచ్చు, గడ్డ ఉండొచ్చు, మలేరియా కావొచ్చు. పొలం నీళ్లలో కలిసే ఎలుక మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ కావొచ్చు, దానికి యాంటీబయాటిక్ పడాలి. ఇవేవీ పసరుతో పోవు. పథ్యం పేరుతో తిండి మాన్పించి నీరసపెట్టడం, చేతి మీద చురకలు పెట్టడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

నెలలు నిండుతున్న గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆమెను ఒక్క పూట కూడా ఇంట్లో ఉంచొద్దు. మత్తుగా పడుకోవడం, మాట తడబడటం, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, వీటిలో ఏది కనిపించినా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకుపోండి.

హన్మకొండ నుంచి:
మధ్యలో వస్తున్నా. వైరస్‌లకు పుట్టగొడుగుల పొడి అని ఆన్‌లైన్‌లో మస్తు అమ్ముతున్నారు. అది కూడా ఇంతేనా?

కాజీపేట ఫార్మసీ విద్యార్థి:
పుట్టగొడుగుల్లోని బీటా గ్లూకాన్లు అనే పదార్థాలు రోగనిరోధక కణాలను కదిలిస్తాయి. షిటాకే అనే పుట్టగొడుగు నుంచి తీసిన లెంటినాన్‌ను జపాన్‌లో కడుపు క్యాన్సర్‌కు కీమోథెరపీతో పాటు ఇంజెక్షన్‌గా ఇచ్చారు. డబ్బాలో వచ్చే పొడికి ఆ లెక్క వర్తించదు. ఇదే శిలీంధ్రాల్లో డెత్‌క్యాప్ అనేది కాలేయాన్నే చంపేస్తుంది, దాని విషానికి యూరప్‌లో ఇచ్చే మందు సిలిబినిన్ ఒక ముళ్ల మొక్క గింజల నుంచి వస్తుంది. ప్రకృతి రెండూ ఇస్తుంది. అందుకే పేరు, మోతాదు తెలియకుండా ఏదీ తాగొద్దంటాను.

ములుగు మాస్టారు:
పరీక్ష చేయించొద్దని నేను అనలేదు తమ్మీ. పసరు పోసే ముసలాయనను దొంగను చూసినట్టు చూస్తే ఆయన ఏ ఆకు వేస్తున్నాడో ఎప్పటికీ చెప్పడు. కాకతీయ యూనివర్సిటీలో ఫార్మసీ చదివేవాళ్లు ఊళ్లకు వచ్చి గౌరవంగా అడిగి రాసుకోవాలి. లేకుంటే ఆయనతో పాటే ఆ తెలివి పోతుంది.

కాజీపేట ఫార్మసీ విద్యార్థి:
ఈ మాటకు నా ఓటు మీకే సార్. నేల ఉసిరిని పోలిన మొక్కలు చాలా ఉన్నాయి, అంగట్లో అవన్నీ కలిపి అమ్ముతారు. ఆయన ఏది కోస్తున్నాడో చూడటంతోనే మొదలుపెట్టాలి.

నర్సంపేట రైతు:
సరే, మా వాడకట్టులో ఒకరికి బి అన్నారు. ఖర్చుకు భయపడి పసరు దగ్గరే ఆగిండు. ఏం చెప్పాలె?

పరకాల ల్యాబ్ టెక్నీషియన్ (అక్క):
2018 నుంచి కేంద్రం నడిపిస్తున్న హెపటైటిస్ కార్యక్రమం కింద బి, సి పరీక్షలు, మందులు ఉచితం. ఆధార్ పట్టుకుని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పోయి అడగమనండి. ఇంట్లోవాళ్లందరికీ పరీక్ష చేయించి, లేనివాళ్లకు టీకా వేయించండి. ఆయన భార్య కడుపుతో ఉంటే ముందే డాక్టరుకు చెప్పాలి, బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు టీకా పడాలి.

నర్సంపేట రైతు:
ఏడో నెల అక్కా. రేపు పొద్దున్నే ఇద్దరినీ తీసుకుపోతా.