కన్వీనర్ కోటాలో ఈసీఈ తీసుకోవాలా, 12 లక్షల లోన్‌తో సీఎస్‌ఈ తీసుకోవాలా?

మానేరు అక్క:
మా తమ్ముడికి ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్‌లో 28 వేల చిల్లర ర్యాంకు వచ్చింది. మేం బీసీ, నాన్నది రెండెకరాల వ్యవసాయం. కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో, హైదరాబాద్ శివార్లలో ఒక కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చింది, ఫీజు ఏడాదికి లక్ష. ర్యాంకు 10 వేలు దాటింది కాబట్టి ప్రభుత్వం కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ 35 వేలే, మిగతా 65 వేలు మేమే కట్టాలి. వాడేమో ఒక డీమ్డ్ యూనివర్సిటీలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) కావాలని పట్టుబట్టాడు. అక్కడ ఏడాదికి 3 లక్షలు, రీయింబర్స్‌మెంట్ లేదు, అంతా లోన్ మీదే. నాన్న అప్పుడే ఇంటి కాగితాలు బయటికి తీశాడు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది, వద్దంటే వాడు నాతో మాట్లాడట్లేదు. లెక్క తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

లెక్కల సారు:
అమ్మా, ముందు వడ్డీ సంగతి చూడు. ఈఎంఐ చదువయ్యాక ఇంకో ఏడాదికి మొదలవుతుంది కానీ, వడ్డీ మాత్రం మొదటి విడత ఇచ్చిన రోజు నుంచే పడుతుంది. 10 శాతం అనుకుంటే ఆ ఐదేళ్లలో 4 లక్షల 20 వేల దాకా చేరి, కట్టడం మొదలుపెట్టేసరికి బాకీ 16 లక్షలు దాటుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 21 వేల పైన. మూడున్నర లక్షల ప్యాకేజీతో చేరిన పిల్లాడి చేతికి వచ్చేది 25 వేలు అటూ ఇటూ, అందులో రూము, తిండి ఎక్కడి నుంచి వస్తాయి? బ్రోచర్‌లో వేసే పెద్ద ప్యాకేజీ ఏ ఇద్దరికో ముగ్గురికో వచ్చేది. ఆ బ్రాంచిలో మొత్తం ఎంతమంది ఉన్నారు, ఎంతమందికి ఆఫర్ లెటర్ వచ్చింది, మధ్యలో ఉన్నవాడి జీతమెంత అని అడగండి.

బ్యాంకు ఉద్యోగి:
సారు లెక్క కరెక్టే. మామూలుగా 4 లక్షల వరకు తాకట్టు అడగం, ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి చూపించమంటాం. పొలం కాగితాలు చాలా బ్రాంచీలు తీసుకోవు, ఎందుకంటే బాకీ కట్టకపోతే తాకట్టు ఆస్తిని బ్యాంకు అమ్ముకోనిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, అందుకే చివరికి ఇంటి మీదికే వస్తుంది. నాన్నగారు కూడా ఈ లోన్‌లో భాగస్వామే, రెండు మూడు ఈఎంఐలు తప్పినా ఆయన సిబిల్ స్కోరు (అప్పులు తీర్చిన రికార్డు) దెబ్బతింటుంది, రేపు పంట లోన్‌కి వెళ్తే అదే అడ్డం వస్తుంది. ఒకసారి కేంద్రం చదువు లోన్ స్కీమ్ పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఆ యూనివర్సిటీ ఉందేమో చూడండి. ఉంటే తాకట్టు లేకుండా ఇస్తారు, కానీ అప్పు అప్పే కదా, తీర్చక తప్పదు.

ఈసీఈ ఫైనల్ ఇయర్:
అక్కా, నేను కన్వీనర్ కోటా ఈసీఈనే. మా కాలేజీకి వచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చాలావరకు ఈసీఈ వాళ్లనీ కూర్చోనిస్తాయి, కోడింగ్ టెస్ట్ అందరికీ ఒకటే. కాకపోతే కోడింగ్ మనమే బయట నేర్చుకోవాలి, క్లాసులో చెప్పేది సరిపోదు, ఆ మాట తమ్ముడికి ఇప్పుడే చెప్పండి. ఇంకోటి, రీయింబర్స్‌మెంట్ టైముకి రాదు. బకాయి ఉందని కొన్ని కాలేజీలు చివర్లో సర్టిఫికెట్లు ఆపుతున్నాయి, ముందు మీరే కట్టండి అంటున్నాయి. ఆ కాలేజీ సంగతేంటో సీనియర్లని అడిగి, ఆ 35 వేలు కూడా చేతిలో ఉంచుకునే చేరండి. వచ్చిన సీటు ఒప్పుకుని ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసినా, కౌన్సెలింగ్ తర్వాతి విడతలో మళ్లీ వెబ్ ఆప్షన్స్ (కావాల్సిన కాలేజీలు, బ్రాంచీలు) పెట్టుకోవచ్చు, చివర్లో ఇంటర్నల్ స్లైడింగ్ ఉంటుంది, అదే కాలేజీలో సీఎస్‌ఈ సీటు మిగిలితే మారొచ్చు.

మానేరు అక్క:
అందరికీ థాంక్స్. లెక్క కాగితం మీద రాసి వాడికి చూపించా. 21 వేలు దగ్గర ఆగిపోయాడు, స్లైడింగ్ గురించి అడిగాడు. బ్యాంకు అన్నా, 65 వేల చొప్పున నాలుగేళ్లకి 2 లక్షల 60 వేలు, దానికి హాస్టల్ ఖర్చు కొంత కలిపి అడగొచ్చా?

బ్యాంకు ఉద్యోగి:
అడగొచ్చమ్మా, హాస్టల్, పుస్తకాలు కూడా లోన్‌లోకి వస్తాయి. 4 లక్షల లోపు ఉంచితే ఇంటి కాగితాల జోలికే వెళ్లనక్కర్లేదు. అలాట్‌మెంట్ ఆర్డర్, కాలేజీ ఇచ్చే ఫీజు వివరాల లెటర్, ఆదాయ ధృవీకరణ పత్రం తీసుకుని మీ ఊరి బ్రాంచికే వెళ్లండి. ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకి చదివే కాలంలో వడ్డీ రాయితీ స్కీమ్ ఉంది, కాలేజీకి న్యాక్ గానీ ఎన్‌బీఏ గానీ ఇచ్చే నాణ్యత గుర్తింపు ఉందో లేదో చూసి వెళ్లి, దాని గురించి మీరే గట్టిగా అడగండి.