కారుతో వచ్చిన నావిగేషన్‌కి కొత్త మ్యాప్ కార్డు కొనాలా, ఫోన్‌తో సరిపెట్టుకోవాలా?

కృష్ణలంక_సెడాన్:

అందరికీ నమస్కారం. కారు 2017 మోడల్, సెకండ్‌హ్యాండ్‌ది. ఏడంగుళాల స్క్రీన్, మ్యాప్ మొత్తం ఎస్‌డీ కార్డులో ఉంటుంది. ఫోన్‌లోని మ్యాప్‌ని కారు తెర మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటో కూడా ఉంది కానీ వైరుతో మాత్రమే. అది ఇంతవరకు వాడలేదు.

ఇబ్బందులు ఇవీ. గొల్లపూడి వైపు నుంచి వస్తూ కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కితే మ్యాప్‌లో కారు కింద రోడ్డు మీదే ఉండిపోతుంది, బ్యారేజీ వైపు తిరగమని ఒకటే గోల. సెల్లార్‌లోంచి బయటికి తీశాక చాలాసేపు శాటిలైట్లు దొరకవు. దొరికాక కూడా బందరు రోడ్డు మీద వెళ్తుంటే పక్క వీధిలో చూపిస్తుంది. గుంటూరు అడ్రసులైతే ఎలా కొట్టినా రావు. స్క్రీన్ మీద తేదీ కూడా తప్పే.

కొత్త కార్డుకి సర్వీస్ సెంటర్‌లో చెప్పిన రేటు బాగా ఎక్కువ. ఆటోనగర్‌లో అడిగితే ఈ స్టీరియో పీకేసి ఆండ్రాయిడ్ స్టీరియో పెడతామంటున్నారు. ఫోన్ హోల్డర్ పెడదామంటే మే నెల ఎండకి ఫోన్ వేడెక్కి ఆగిపోతుందని భయం. గార్మిన్ లాంటి విడి జీపీఎస్ పెట్టె కొనడంలో అర్థముందా? తెలిసినవాళ్లు చెప్పండి.

హైవే_16:

కార్డు మాత్రం కొనకండి. కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచింది 2020 అక్టోబరులో, మీ కార్డు అంతకు ముందుది. మ్యాప్‌లో లేని రోడ్డు మీద కారు ఉంటే, సాఫ్ట్‌వేర్ తనకు తెలిసిన రోడ్లలో దగ్గరున్నదానికి బాణం గుర్తును లాగి అతికిస్తుంది. మీకు జరుగుతున్నది అదే. చిన్నఅవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కాజ వైపు వేసిన పశ్చిమ బైపాస్ ఎక్కి చూడండి, అతికించడానికి దగ్గర్లో రోడ్డే లేక కారు పొలాల్లో పోతున్నట్టు చూపిస్తుంది. కొత్త కార్డు కొన్నా అది తయారైన నాటి మ్యాపే, ఏడాది తిరిగేసరికి మళ్లీ ఇదే కథ.

ఇంకొకటి. తక్కువలో కాపీ కార్డు ఇస్తామనేవాళ్లు ఉంటారు. చాలా సిస్టమ్‌లలో మ్యాప్ లైసెన్సు ఆ కార్డు లోపలి సీరియల్ నంబరుకి ముడిపడి ఉంటుంది. ఫైళ్లు కాపీ అవుతాయి, స్క్రీన్ మీద మాత్రం కార్డు చెల్లదని వస్తుంది. ఫోన్ పెట్టుకోండి, గొడవ వదిలిపోతుంది.

ఆటోనగర్_వైరింగ్:

పైన చెప్పింది సగం వరకే నిజం. సెడాన్ గారూ, మీ పోస్టులో ఉన్నవి ఒక సమస్య కాదు, మూడు. ఫ్లైఓవర్ గొడవ పాత మ్యాప్‌ది. శాటిలైట్లు దొరక్కపోవడం, పక్క వీధిలో చూపించడం యాంటెన్నావి. తేదీ సంగతి మళ్లీ వేరు. కొత్త కార్డు పెడితే మొదటిది తప్ప మిగతా రెండూ అలాగే ఉంటాయి. ఆండ్రాయిడ్ ఆటోకి మారినా యాంటెన్నా సంగతి తేల్చకపోతే ఇబ్బంది రావచ్చు, ఎందుకో కింద చెబుతాను.

ముందు సెల్లార్ విషయం. జీపీఎస్ రిసీవర్‌కి లెక్క కట్టడానికి ప్రతి శాటిలైట్ ఆ క్షణాన ఎక్కడుందో తెలియాలి. ఆ సమాచారాన్ని శాటిలైటే సెకనుకు 50 బిట్ల చొప్పున, 30 సెకన్లకోసారి పంపుతుంది. అది సుమారు నాలుగు గంటలే పనికొస్తుంది కాబట్టి రాత్రంతా సెల్లార్‌లో ఉన్న కారు పొద్దున్నే మళ్లీ తీసుకోవాల్సిందే. ఆ 30 సెకన్లలో మీరు అపార్ట్‌మెంట్ల మధ్య నుంచి తిప్పుకుంటూ వెళ్తే సిగ్నల్ తెగి, మళ్లీ మొదటికొస్తుంది. బ్యాటరీ తీసి పెట్టిన కారైతే మొత్తం శాటిలైట్ల జాబితా కూడా కావాలి, దానికి పన్నెండున్నర నిమిషాలు. ఫోన్‌కి ఈ తిప్పలు లేవు, ఇదంతా మొబైల్ నెట్‌వర్క్ నుంచి తెచ్చేసుకుంటుంది. అంటే ఒకటి రెండు నిమిషాల ఆలస్యం మామూలే. గేటు దాటి ఆరుబయట ఉన్నాక కూడా ఐదు నిమిషాలు పట్టిందంటే మాత్రం యాంటెన్నాని అనుమానించాలి.

పరీక్ష ఇలా చేయండి. పున్నమి ఘాట్ లాంటి, చుట్టూ భవనాలు లేని చోట ఇంజిన్ ఆన్‌లో ఉంచి పావుగంట ఆపండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్ సమాచారం కిందో, నావిగేషన్ మెనూలోనో జీపీఎస్ స్థితి పేజీ ఉంటుంది. ఎనిమిదికి పైగా శాటిలైట్లు కనిపిస్తే యాంటెన్నా బాగానే ఉందనుకోవచ్చు. నాలుగు లోపు ఉంటే డ్యాష్‌క్యామ్ ప్లగ్, సిగరెట్ సాకెట్‌లోని యూఎస్‌బీ ఛార్జర్ రెండూ పీకేసి మళ్లీ చూడండి. రొద బయటికి రాకుండా ఆపే షీల్డింగ్ సరిగ్గా లేని చౌక డ్యాష్‌క్యామ్‌లు, ఛార్జర్లు జీపీఎస్ వాడే 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర రొద పుట్టిస్తాయి. శాటిలైట్ సిగ్నల్ నేలకి చేరేసరికి ఎంత బలహీనంగా ఉంటుందంటే ఆ కాస్త రొదకే మునిగిపోతుంది. అద్దానికి లోహపు పూత ఉన్న సన్ ఫిల్మ్ వేసి, యాంటెన్నా డ్యాష్‌బోర్డు కింద ఉంటే అదీ ఒక కారణమే.

అవేవీ కాకపోతే స్టీరియో వెనక చూడాలి. జీపీఎస్ యాంటెన్నా కనెక్టర్ చాలా కార్లలో నీలం రంగు ఫక్రా, అంటే నొక్కితే తాళం పడే చిన్న ప్లగ్. సెకండ్‌హ్యాండ్ బండిలో ఎవరో ఒకరు స్పీకర్ల కోసమో కెమెరా కోసమో స్టీరియో బయటికి లాగే ఉంటారు, తిరిగి పెట్టేటప్పుడు ఆ నీలం ప్లగ్ సగమే కూర్చుంటుంది. నొక్కితే టిక్ మని శబ్దం రావాలి. బ్యాటరీ నెగటివ్ తీయకుండా స్టీరియో లాగొద్దు. తీసేముందు స్టీరియో యాంటీథెఫ్ట్ కోడ్ మీ దగ్గరుందో లేదో చూసుకోండి, కోడ్ లేకపోతే తిరిగి కలిపాక స్క్రీన్ తాళం వేసుకుని కూర్చుంటుంది.

ఇప్పుడు ఆండ్రాయిడ్ ఆటో మాట. కొన్ని కార్లు కేబుల్ పెట్టగానే తమ యాంటెన్నా చెప్పిన స్థానాన్ని, చక్రాల వేగాన్ని ఫోన్‌కి అందిస్తాయి. కొన్ని అందించవు. మీది అందించే రకమై యాంటెన్నా పాడైతే, ఫోన్ విడిగా ఉన్నప్పుడు సరిగ్గా చూపించే గూగుల్ మ్యాప్ కూడా కారు స్క్రీన్ మీద పక్క వీధికి జరుగుతుంది. తేల్చుకోవడం తేలిక: తప్పు చూపిస్తున్నప్పుడు కేబుల్ పీకండి, ఫోన్‌లో వెంటనే సరైన రోడ్డుకి వస్తే తప్పు కారుది.

తేదీ గురించి. మీ సిస్టమ్ చూపించే తేదీ 19 ఏళ్ల ఏడున్నర నెలలు వెనక ఉందేమో లెక్క వేయండి. ఉంటే అది 1024 వారాల తేడా. జీపీఎస్ వారాల లెక్క పది బిట్లలో ఉంటుంది, 1023 తర్వాత సున్నాకి వస్తుంది. కిందటిసారి 2019 ఏప్రిల్ 6 రాత్రి వచ్చింది. కొన్ని రిసీవర్లు ఆ రోజు కాక, వాటి సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకున్న మొదలు తేదీ నుంచి 1024 వారాలకు దెబ్బతింటాయి. ఇది సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో తప్ప పోదు, మ్యాప్ కార్డుతో అసలు పోదు. సర్వీస్ సెంటర్‌లో మ్యాప్ అని కాకుండా స్టీరియో ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అని అడగండి.

టాక్సీప్లేట్_ఏపీ:

స్టీరియో పీకడం ఒద్దు బ్రదర్. కంపెనీ యూనిట్‌కి రివర్స్ కెమెరా గైడ్ లైన్లు, స్టీరింగ్ బటన్లు, కొన్నిట్లో ఏసీ డిస్‌ప్లే కూడా ముడిపడి ఉంటాయి. బయటి ఆండ్రాయిడ్ స్టీరియోల్లో రెండు జీబీ ర్యామ్‌వి మ్యాప్, పాట ఒకేసారి నడిపితే తడబడతాయి. ఎలాగైనా పెట్టించాలనుకుంటే, దానితో వచ్చే చిన్న చదరపు యాంటెన్నాని స్టీరియో వెనకే కుక్కేస్తారు, చూస్తూ ఊరుకోవద్దు. డ్యాష్‌బోర్డు పైభాగాన అద్దం దగ్గర, ముఖం ఆకాశం వైపు, పైన లోహం అడ్డం లేకుండా ఉండాలి.

కారు నావిగేషన్‌ని అందరూ తిడతారు గానీ ఒక్క విషయంలో ఫోన్ దాని ముందు నిలవదు. సిగ్నల్ పోయిన చోట చాలా కంపెనీ యూనిట్లు చక్రాల సెన్సర్ నుంచి వేగం, మలుపుల్ని పసిగట్టే గైరో సెన్సర్ నుంచి మలుపు తీసుకుని అంచనాతో నడిపిస్తాయి. ఫ్లైఓవర్ కింద సర్వీసు రోడ్డు మీద ఇది పనికొస్తుంది, హోల్డర్‌లోని ఫోన్ అక్కడ ఎగిరెగిరి పడుతుంది. అలాగని పైన ఉన్నామా కింద ఉన్నామా అన్నది రెంటికీ కష్టమే. అటూ ఇటూ కొలతలో పైరోడ్డు, కింద రోడ్డు ఒకే చోట ఉంటాయి, ఎత్తు లెక్కలో జీపీఎస్ ఎప్పుడూ బలహీనమే. కాబట్టి కుమ్మరిపాలెం దగ్గరే మనం తేల్చుకోవాలి: దుర్గగుడి, వన్‌టౌన్, బ్యారేజీ అయితే కింద, బెంజి సర్కిల్ వైపు అయితే పైన. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ దగ్గరా అంతే, బందరు రోడ్డులోకి తిరగాలంటే ముందే సర్వీసు రోడ్డులోకి దిగాలి.

హోల్డర్ విషయానికొస్తే, అద్దానికి అతికించే రబ్బరు కప్పు మన ఎండకి మెత్తబడి జారుతుంది. పైగా అక్కడ ఫోన్ మీద ఎండ నేరుగా పడుతుంది. ఐఫోన్‌ను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని తయారుచేసినవాళ్లే చెబుతారు, బెజవాడలో వేసవి మధ్యాహ్నం అది ఎప్పుడో దాటిపోతుంది. వేడెక్కిన ఫోన్ ముందు వెలుతురు తగ్గిస్తుంది, తర్వాత ఛార్జింగ్ ఆపేస్తుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. వైర్‌లెస్ ఛార్జింగ్ హోల్డర్ ఆ వేడికి ఇంకా వేడి జోడిస్తుంది. ఏసీ వెంట్‌కి బిగించే హోల్డర్ అయితే చల్లగాలి ఫోన్ వెనక తగులుతుంది. బరువైన ఫోన్‌కి మాత్రం కొక్కెంతో లోపలి నుంచి బిగించే రకం తీసుకోండి, క్లిప్ రకం వెంట్ రెక్కని విరిచేస్తుంది. ఎడమ సీటు ముందున్న ఎయిర్‌బ్యాగ్ మూత మీద ఏదీ అతికించొద్దు.

పోలీసు భయం గురించి ఎవరైనా అడుగుతారు కనుక: 2020 అక్టోబరు 1 నుంచి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో చేసిన సవరణ ప్రకారం, దృష్టి చెదరకుండా దారి చూసుకోవడానికి మాత్రం ఫోన్ వాడొచ్చు. చేత్తో పట్టుకుని మాట్లాడటం వేరు.

విడి జీపీఎస్ పెట్టె మన ఊళ్లకి అనవసరం. ట్రాఫిక్ కోసం దానికీ ఫోనే కావాలి.

బ్రాడీపేట_నాలుగోలైను:

అడ్రసుల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కారు మ్యాప్ రాష్ట్రం, ఊరు, వీధి, ఇంటి నంబరు అనే వరసలో వెతుకుతుంది. గుంటూరులో మనం బ్రాడీపేట 4/14 అంటాం, అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆ గీత దానికి ఇంటి నంబరులా కనిపిస్తుంది. పైగా అరండల్‌పేట, కొత్తపేట, ఆటోనగర్ బెజవాడలోనూ ఉన్నాయి, గుంటూరులోనూ ఉన్నాయి. ఊరు ముందు మార్చకుండా పేట పేరు కొడితే తప్పు ఊళ్లోదే వస్తుంది. ఇంగ్లీషు స్పెల్లింగులు వేరే తంటా. పేట చివర ఒక అక్షరం తేడా వచ్చినా పాత సిస్టమ్ ఖాళీ చూపిస్తుంది.

దీనికి చుట్టుదారి: ఫోన్‌లో ఆ చోటు మీద వేలు నొక్కి ఉంచితే అక్షాంశ రేఖాంశాలు వస్తాయి, వాటినే కారులో కొట్టండి. ఇక్కడ ఒక తిరకాసు. ఫోన్ 16.5062 అని దశాంశాల్లో ఇస్తుంది, కారు చాలాసార్లు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు అడుగుతుంది. 16.5062 అంటే 16 డిగ్రీల 30 నిమిషాల 22 సెకన్లు. చుక్క తర్వాతి అంకెని 60తో గుణిస్తే నిమిషాలు, మిగిలిన భిన్నాన్ని మళ్లీ 60తో గుణిస్తే సెకన్లు. అలా కాక 16 డిగ్రీల 50 నిమిషాలని కొట్టేస్తే 36 కిలోమీటర్లు ఉత్తరాన తేలతారు.

ఫోన్ మీదే ఆధారపడేవాళ్లు ఒకటి చేసుకోండి. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లేటప్పుడు ఘాట్‌లో సిగ్నల్ పోతుంది. గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి, ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతమంతా వైఫై ఉన్నచోట ముందే దించుకోండి. ఆఫ్‌లైన్‌లో ట్రాఫిక్ రంగులు, ప్రత్యామ్నాయ దారులు రావు, మలుపులు మాత్రం చెబుతుంది. దించిన మ్యాప్‌కి గడువుంటుంది, బయల్దేరేముందు తేదీ చూసుకోండి.

కృష్ణలంక_సెడాన్:

అందరికీ ధన్యవాదాలు. డ్యాష్‌క్యామ్ ప్లగ్ తీస్తే శాటిలైట్లు మూడు నుంచి పదికి పెరిగాయి! తేదీ తేడా సరిగ్గా 1024 వారాలే. ఫర్మ్‌వేర్ అడుగుతాను. ఆండ్రాయిడ్ ఆటో పెట్టాను, ఫ్లైఓవర్ కనిపిస్తోంది, బాగుంది. కానీ గతుకు వచ్చినప్పుడల్లా కనెక్షన్ పోయి మళ్లీ వస్తోంది, ఫోన్ బ్యాటరీ కూడా మెల్లగా దిగుతోంది.

ఆటోనగర్_వైరింగ్:

కేబులే. మీటరు లోపు పొడవున్న, డేటా పనిచేసే మంచి కేబుల్ కొనండి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేవి కూడా అమ్ముతారు. కొనేముందు ఫోన్ పోర్టులో పేరుకున్న దూది, దుమ్ము చెక్క పుల్లతో మెల్లగా తీయండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. బ్యాటరీ దిగడానికి కారణం, ఆ కాలం కార్లలో డేటా పోర్టు చాలావరకు అర ఆంపియరే ఇస్తుంది. ఆండ్రాయిడ్ ఆటో నడిచేటప్పుడు ఫోన్ స్క్రీన్ ఆపేయండి, మ్యాప్ కారు తెర మీద ఎలాగూ వస్తుంది. ఫోన్‌ని ఎండ పడని గేర్ దగ్గరి అరలో పెట్టుకుంటే వేడి బాధ కూడా తగ్గుతుంది, హోల్డర్ అక్కర్లేదు.

డ్యాష్‌క్యామ్ వదులుకోనక్కర్లేదు. దాని వైరుకి రెండు చివర్లా రొదని అణిచే ఫెర్రైట్ క్లిప్ వేసి, జీపీఎస్ యాంటెన్నాకి దూరంగా, అద్దం అవతలి అంచు నుంచి దించండి. అప్పటికీ శాటిలైట్లు పడిపోతే క్యామ్ ఛార్జర్ మార్చి చూడండి, చాలాసార్లు రొద కెమెరాది కాదు, దాని ఛార్జర్‌ది. ఎస్‌డీ కార్డు మాత్రం స్లాట్‌లోంచి తీయకండి. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయినా, నల్లమలలో సిగ్నల్ పోయినా మీ పాత మ్యాపే ఆదుకుంటుంది, అక్కడి రోడ్లు అంతగా మారలేదు.